నది పేరు లేని నీటి ధర: కాలిఫోర్నియా మంచుకొండలు, షికాగో ఫ్యూచర్స్ మార్కెట్

2020 డిసెంబరు 7న షికాగో కేంద్రంగా పనిచేసే ఎక్స్ఛేంజి సంస్థ సీఎంఈ గ్రూపు కాలిఫోర్నియా నీటి ధర మీద ఫ్యూచర్స్ కాంట్రాక్టులను, అంటే రాబోయే తేదీకి ధరను ముందే కుదుర్చుకునే ఒప్పందాలను, ప్రారంభించింది. గోధుమ, మొక్కజొన్న, ముడి చమురు, బంగారం వంటి సరుకుల సరసన నీరు కూడా చేరిందన్న వార్త ప్రపంచమంతటా కలవరం రేపింది. నాలుగు రోజులకే, డిసెంబరు 11న, నీటి హక్కుపై ఐక్యరాజ్యసమితి ప్రత్యేక ప్రతినిధి పెద్రో అరోహో-అగూదో ఆందోళన వ్యక్తం చేస్తూ ప్రకటన విడుదల చేశారు. 2022 మార్చిలో సెనేటర్ ఎలిజబెత్ వారెన్, ప్రతినిధుల సభ సభ్యుడు రో ఖన్నా కలిసి నీటి ఫ్యూచర్స్‌ను నిషేధించాలని బిల్లు ప్రవేశపెట్టారు కానీ అది చట్టం కాలేదు. మరోవైపు, కరువు కాలంలో నీటి ధర ఎగబాకితే రైతుకూ పట్టణాలకూ ఈ కాంట్రాక్టు రక్షణ కల్పిస్తుందని నిర్వాహకులు చెప్పారు. ఆ భయమూ ఈ ఆశా రెండూ ధర చుట్టూనే తిరిగాయి. కాంట్రాక్టులో ఏ నది పేరూ లేకపోవడమే దాని అసలు లోపమన్న సంగతి చర్చలోకి పెద్దగా రాలేదు. కాలిఫోర్నియాలో కొండల నుంచి దిగే నీటి మీద హక్కు ఎప్పుడూ ఫలానా నది మీద, ఫలానా చోట నీరు మళ్లించుకునే హక్కుగానే ఉంటుంది. ఆ చిరునామాను చెరిపేసి కట్టిన ధర, నీరు అవసరమైనవాడికి ఎంతవరకు అక్కరకొస్తుందో నిదానంగా పరిశీలించాల్సి ఉంది.

ముందు కాంట్రాక్టు సంగతి. కొనుగోలు, అమ్మకాలకు కనీస పరిమాణమైన ఒక లాట్ 10 ఎకరా-అడుగులు. ఎకరం నేల మీద అడుగు లోతున నిలిచే నీరు ఒక ఎకరా-అడుగు, అంటే సుమారు 12.33 లక్షల లీటర్లు. మన ప్రాజెక్టుల లెక్కలోకి మారిస్తే ఒక టీఎంసీ దాదాపు 22,957 ఎకరా-అడుగులు, కనుక టీఎంసీ నీటికి సరిపడా కాంట్రాక్టులు కావాలంటే దాదాపు 2,300 లాట్లు కొనాలి. అయితే గడువు తీరిన రోజున ఎవరూ ఎవరికీ నీరు అప్పగించరు. మన దేశంలోని వ్యవసాయ సరుకుల ఎక్స్ఛేంజి ఎన్‌సీడీఈఎక్స్‌లో పసుపు ఫ్యూచర్స్ అమ్మి గడువు దాకా అట్టిపెట్టుకున్నవారు నిజామాబాద్ గోదాములో సరుకు చూపించాల్సి ఉంటుంది. నీటి కాంట్రాక్టులో ధరల తేడా మాత్రమే డబ్బు రూపంలో చేతులు మారుతుంది. కాబట్టి సట్టా వ్యాపారులు దీని ద్వారా నీటిని కొని దాచిపెట్టి కృత్రిమ కరువు సృష్టిస్తారన్న భయానికి పెద్దగా ఆధారం లేదు. కాంట్రాక్టు ఎన్ని లాట్లు కొన్నా చేతికి చుక్క నీరు రాదు.

ఆ తేడాను తేల్చే ధర నాస్‌డాక్ వెలెస్ కాలిఫోర్నియా వాటర్ ఇండెక్స్ నుంచి వస్తుంది. 2018లో మొదలైన ఈ సూచీని ప్రతి బుధవారం ప్రకటిస్తారు. రాష్ట్రంలో జరిగిన నీటి లావాదేవీల ధరలను, అమ్ముడైన పరిమాణాన్ని బట్టి సగటు కట్టి దీన్ని తయారు చేస్తారు. లెక్కలోకి తీసుకునే మార్కెట్లు ఐదు. వాటిలో నాలుగు దక్షిణ కాలిఫోర్నియాలో కోర్టు తీర్పుల ద్వారా వాటాలు తేలిన భూగర్భ జల క్షేత్రాలు: సెంట్రల్ బేసిన్, చినో బేసిన్, మెయిన్ శాన్ గేబ్రియల్ బేసిన్, మొహావీ బేసిన్‌లోని ఆల్టో ప్రాంతం. ఐదోది ఉపరితల జలాల మార్కెట్. సియెర్రా నెవాడా పర్వతాల నుంచి దిగివచ్చే ఫెదర్, అమెరికన్, టువాలమీ, మెర్సెడ్, శాన్ వాకీన్, కింగ్స్, కెర్న్ నదుల నీటిలో చేతులు మారినదంతా ఈ ఒక్క గడిలోనే కలిసిపోతుంది. నీటిని ఒకచోటి నుంచి మరోచోటికి చేర్చే ఖర్చు, దారిలో ఇంకిపోయే నష్టం ఈ ధరలో కలవవు. ఫ్యూచర్స్ మొదలైన రోజున ఎకరా-అడుగు ధర 500 డాలర్లకు కాస్త దిగువన ఉంది. 2022 వేసవికి అది 1,000 డాలర్లు దాటింది. 2023లో కొండల మీద అసాధారణంగా మంచు కురిశాక బాగా దిగివచ్చింది. అంటే మొత్తం మీద కరువుకూ సమృద్ధికీ సూచీ స్పందిస్తుంది, అందులో సందేహం లేదు. చిక్కు వేరేచోట ఉంది.

ఫ్యూచర్స్ వ్యాపారం పుట్టిందే సరుకుకు ఊరూ పేరూ లేకుండా చేయడంలో. 1848లో షికాగో బోర్డ్ ఆఫ్ ట్రేడ్ ఏర్పడే నాటికి గోధుమ బస్తాల్లో, పండించిన రైతు సొత్తుగా విడివిడిగా మార్కెట్‌కు వచ్చేది. రైళ్లు, ధాన్యం ఎలివేటర్లు (ధాన్యాన్ని పైకెత్తి నిల్వ చేసే గోదాములు) వచ్చాక నాణ్యతను గ్రేడులుగా విభజించి, ఒకే గ్రేడు గోధుమనంతా ఒకే గాదెలో పోయడం మొదలైంది. ఏ గోధుమ ఎవరి పొలానిదో చెప్పలేని స్థితి వచ్చిన తర్వాతే, ఇంకా పండని పంటకు ముందుగా ధర కుదుర్చుకునే కాంట్రాక్టు చేతులు మారగలిగింది. 1865లో ఆ సంస్థ ఫ్యూచర్స్‌కు లాంఛనంగా నిబంధనలు రూపొందించింది. పొలం పేరు పోయినందువల్ల గోధుమ కొనేవారికి నష్టమేమీ కలగలేదు, ఎందుకంటే రైలు ఎక్కిస్తే అది ఎక్కడికైనా వెళ్తుంది. నీటి విషయం అలా కాదు. ఒక ఎకరా-అడుగు నీటి బరువు సుమారు 1,233 టన్నులు. కాలువ ఉన్నచోటికి, పంపు ఎత్తిపోయగలిగినంత మేరకు, చట్టం అనుమతించిన నెలల్లో మాత్రమే అది కదులుతుంది. ఉత్తరాన శాక్రమెంటో లోయలో వరి రైతు ఒక పంట మానుకుని అమ్మిన నీరు దక్షిణాన శాన్ వాకీన్ లోయలోని బాదం తోటకు చేరాలంటే, మధ్యలో శాక్రమెంటో, శాన్ వాకీన్ నదులు కలిసే డెల్టా దాటి భారీ పంపుల ద్వారా ఎగువకు ఎక్కాలి. చేపల సంరక్షణ కోసం, సముద్రపు ఉప్పునీరు లోపలికి చొరబడకుండా చూడటం కోసం ఆ పంపింగ్‌పై గట్టి పరిమితులున్నాయి. ఒకే రోజున డెల్టాకు ఉత్తరాన నీటికి ఒక ధర, దక్షిణాన మరో ధర పలకడానికి కారణం ఇదే.

ఈ నదుల పేర్లకు దీర్ఘమైన చరిత్ర ఉంది. 1805, 1806 సంవత్సరాల్లో గేబ్రియల్ మొరాగా నాయకత్వంలో శాన్ వాకీన్ లోయలోకి వచ్చిన స్పానిష్ దళాలు తాము చూసిన నదులకు క్రైస్తవ పర్వదినాల పేర్లు, కన్య మేరీ పేర్లు పెట్టుకుంటూ పోయాయి. కింగ్స్, మెర్సెడ్ పేర్లు అలా వచ్చినవే. టువాలమీ అక్కడి ఆదివాసుల పేరు. కెర్న్ నదికి 1840లలో అన్వేషకుడు జాన్ ఫ్రీమాంట్ తన బృందంలో పటాలు గీసిన ఎడ్వర్డ్ కెర్న్ పేరు పెట్టాడు. (సిలికాన్ వ్యాలీలో ఎన్నో తెలుగు కుటుంబాలు స్థిరపడిన ఫ్రీమాంట్ నగరం పేరు ఈ ఫ్రీమాంట్‌దే.) తరువాత వందేళ్లు తిరగకుండానే ఈ పేర్లు కోర్టు దస్తావేజుల్లో ఆస్తి వివరాలయ్యాయి. 1886లో లక్స్ వర్సెస్ హాగిన్ కేసులో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు కెర్న్ నది నీటి మీద ఇచ్చిన తీర్పు, ఒడ్డున భూమి ఉన్నవారి హక్కునూ, ముందుగా మళ్లించుకున్నవారి హక్కునూ పక్కపక్కన నిలబెట్టింది. రాష్ట్ర నీటి చట్టం నేటికీ ఈ రెండు కాళ్ల మీదే నడుస్తోంది. ఎవరు ముందు, ఎవరు తర్వాత అన్నది ఒక్కో నదికీ విడిగా తేలాల్సిందే. ఒక నదిలో అందరికన్నా పాత హక్కు చేతిలో ఉన్నా, పక్క నదిలో దానికి విలువ ఉండదు.

టువాలమీ నదినే తీసుకుంటే ఈ విషయం స్పష్టపడుతుంది. యోసెమిటీ నేషనల్ పార్కులో అన్నిటికన్నా ఎత్తైన శిఖరం మౌంట్ లయెల్. 13,114 అడుగుల ఆ శిఖరం కిందా, పక్కనే ఉన్న మౌంట్ మెక్లూర్ కిందా రెండు హిమానీనదాలున్నాయి. 1860లలో కాలిఫోర్నియా భూగర్భ సర్వే ఈ శిఖరాలకు చార్లెస్ లయెల్, విలియం మెక్లూర్ అనే భూగర్భ శాస్త్రవేత్తల పేర్లు పెట్టింది. సియెర్రాలో హిమానీనదాలు ఉన్నాయంటేనే నిపుణులు నమ్మని రోజుల్లో, 1872 ఆగస్టులో ప్రకృతి పరిశీలకుడు జాన్ మ్యూర్ మెక్లూర్ మంచు మీద అడ్డంగా గుంజలు పాతాడు. 46 రోజుల తరువాత చూస్తే నడిమి గుంజ 47 అంగుళాలు దిగువకు జరిగి ఉంది. అంటే రోజుకు దాదాపు అంగుళం. 2013లో ప్రకటించిన కొలతల ప్రకారం మెక్లూర్ హిమానీనదం అప్పటికీ ఇంచుమించు అదే వేగంతో కదులుతూ ఉంది. లయెల్ మాత్రం ఆగిపోయింది. మంచు పలచబడి, తన బరువుతో తాను జారగల శక్తిని కోల్పోయింది. కదలిక లేని మంచు గడ్డను హిమానీనదం అనడమే కుదరదు, కాబట్టి లయెల్ హిమానీనదం ఇప్పుడు పటం మీద పేరుగా మిగిలింది. దాని నుంచి పుట్టే లయెల్ ఫోర్క్, డేనా ఫోర్క్ అనే మరో పాయతో టువాలమీ మెడోస్ వద్ద కలిసి నదిగా మారుతుంది.

ఆ నది హెచ్ హెచీ జలాశయంలో చేరుతుంది. 1923లో ఓషానెసీ ఆనకట్టతో ఏర్పడిన ఆ జలాశయం సామర్థ్యం 3.6 లక్షల ఎకరా-అడుగులు, మన లెక్కలో సుమారు 15.7 టీఎంసీలు. అక్కడి నుంచి 167 మైళ్ల దూరం కేవలం వాలు మీదే ప్రవహించి ఆ నీరు శాన్‌ఫ్రాన్సిస్కో బే ప్రాంతానికి చేరుతుంది. ఆ వ్యవస్థ మీద సుమారు 27 లక్షల మంది ఆధారపడతారు. వారిలో సన్నీవేల్, మిల్పిటస్, శాంటా క్లారా పట్టణాల తెలుగువారూ ఉన్నారు. అయినా ఈ నది మీద మొదటి హక్కు శాన్‌ఫ్రాన్సిస్కో నగరానిది కాదు. దిగువనున్న మొడెస్టో, టర్లాక్ సాగునీటి సంస్థల హక్కులు అంతకన్నా పాతవి. 1913 నాటి రేకర్ చట్టం ప్రకారం, నదిలో సహజంగా వచ్చే ప్రవాహంలో 2,350 క్యూసెక్కుల వరకు, ఏప్రిల్ 15 నుంచి 60 రోజుల పాటైతే 4,066 క్యూసెక్కుల వరకు వాటికి వదిలిన తరువాతే నగరం తన వాటా పట్టుకోవాలి. ఆ 60 రోజులూ కొండ మీద మంచు ఉధృతంగా కరిగే రోజులు. మంచు రెండు వారాలు ముందుగా కరిగితే ఎవరి వాటా పెరుగుతుంది, ఎవరిది తగ్గుతుంది అన్నది ఈ తేదీల మీద ఆధారపడి ఉంటుంది. బుధవారం నాటి రాష్ట్రవ్యాప్త సగటు ధరలో ఈ లెక్క ఎక్కడా కనబడదు.

పొరుగు నదులకు కథ మారిపోతుంది. సియెర్రాలో అతిపెద్దదైన పాలిసేడ్ హిమానీనదం తూర్పు వైపు బిగ్ పైన్ వాగుగా కరిగి ఓవెన్స్ లోయలోకి దిగుతుంది. ఆ లోయ నీటిని 1913 నుంచి లాస్ ఏంజెలెస్ నగరం తన కాలువలో తీసుకుపోతోంది. అదే శిఖర పంక్తికి పడమటి వైపు కురిసిన మంచు కింగ్స్ నదిలో కలిసి పొలాలకు చేరుతుంది. దక్షిణాన కింగ్స్, కెర్న్ నదుల ఎగువ ప్రాంతాలు బాగా ఎత్తైనవి కనుక మంచు ఆలస్యంగా కరుగుతుంది. ఉత్తరాన ఫెదర్, అమెరికన్ నదుల కొండలు అంత ఎత్తైనవి కావు. వాతావరణం వేడెక్కుతున్న కొద్దీ మంచు కురవాల్సిన చోట ముందుగా వాన కురవడం మొదలయ్యేది అక్కడే.

ఇక్కడ ఒక విషయం స్పష్టం చేయాలి. హిమాలయాల్లో మాదిరిగా ఈ కొండల్లో హిమానీనదాలు నదులకు పెద్ద ఆధారం కావు. ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో ఎగువ పాయలు ఎండిపోకుండా కాపాడటంతో వాటి పాత్ర దాదాపు ముగుస్తుంది. రాష్ట్ర నీటి అవసరాల్లో సుమారు 30 శాతం తీర్చేది ఏటా శీతాకాలంలో కురిసి వేసవికి కరిగే మంచు. దాన్ని కొలిచే పద్ధతి చాలా సరళమైనది. అడుగున పళ్లున్న బోలు అల్యూమినియం గొట్టాన్ని నేల తగిలే దాకా మంచులోకి దింపుతారు. పైకి తీసి, లోపలి మంచుతో సహా తూకం వేస్తారు. గొట్టం వ్యాసాన్ని ఎలా నిర్ణయించారంటే, లోపలి మంచు ఒక ఔన్సు తూగితే నేల మీద ఒక అంగుళం నీరు ఉన్నట్టు. 20వ శతాబ్దం తొలి ఏళ్లలో నెవాడా విశ్వవిద్యాలయ ఆచార్యుడు జేమ్స్ చర్చ్ రూపొందించిన ఈ పద్ధతి నేటికీ వాడుకలో ఉంది. అమెరికన్ నది ఎగువన ఫిలిప్స్ స్టేషన్‌లో 2023 ఏప్రిల్ 3న మంచు లోతు 126.5 అంగుళాలు, అందులోని నీరు 54 అంగుళాలు. ఎనిమిదేళ్ల ముందు, 2015 ఏప్రిల్ 1న, అదే చోట గవర్నర్ జెర్రీ బ్రౌన్ ఎండిన గడ్డి మీద నిలబడి పట్టణాల నీటి వాడకంలో 25 శాతం కోత ప్రకటించారు. ఆ రోజు రాష్ట్రమంతటా మంచు సగటులో 5 శాతమే ఉంది.

ఈ ఎగుడుదిగుళ్లు రైతు దాకా వచ్చేది కేటాయింపుల రూపంలో. కేంద్ర ప్రభుత్వ సెంట్రల్ వ్యాలీ ప్రాజెక్టు నుంచి డెల్టాకు దక్షిణాన ఉన్న సాగునీటి ఒప్పందదారుల్లో అధికులకు 2021లోనూ 2022లోనూ చివరికి అందింది సున్నా శాతం. 2023లో నూటికి నూరు శాతం అందింది. కూరగాయలు వేసేవారు ఒక ఏడాది పొలం బీడు పెట్టగలరు. బాదం తోటకు ఆ వీలు లేదు, ఒక్క వేసవి తడి అందకపోతే ఏళ్ల తరబడి పెంచిన చెట్లు దెబ్బతింటాయి. అటువంటి తోట యజమాని ఒకరు, వేసవిలో 300 ఎకరా-అడుగులు అవసరమవుతాయని శీతాకాలంలోనే అంచనా వేసి, 600 డాలర్ల ధర వద్ద 30 లాట్లు కొన్నారనుకుందాం. వేసవికి సూచీ 900కు చేరితే ఆయనకు 90,000 డాలర్లు లాభం వస్తుంది. కాగితం మీద ఇది చక్కని హెడ్జింగ్, అంటే ధర పెరుగుదల నుంచి ముందుజాగ్రత్త. కానీ ఆ వేసవిలో ఆయన కాలువ మీద ఎకరా-అడుగు 2,000 డాలర్లు పలికితే ఆ లాభం ఏ మూలకూ చాలదు. డెల్టా పంపులకు అనుమతి లేక, అమ్మేవారే దొరక్కపోతే చేతిలో డబ్బుండీ చెట్లు ఎండుతాయి. రైతుకున్న భయం ధర కన్నా పరిమాణం గురించే ఎక్కువ, ఈ కాంట్రాక్టు మాత్రం ధరకే భరోసా ఇస్తుంది.

ఎదుటి పక్షాన నిలిచేవారి కొరత మరో ఇబ్బంది. ధర పడిపోతుందేమోనని భయపడి ముందుగా అమ్ముకునేవారు ఉంటేనే ఫ్యూచర్స్ మార్కెట్ నిలబడుతుంది. గోధుమ పండించే ప్రతి రైతూ అటువంటి అమ్మకందారే. నీటిని ఏటా అమ్మకానికి పెట్టేవారు మాత్రం కొద్దిమంది, ప్రధానంగా పాత హక్కులున్న సంస్థలు. వాటికి నీరు మొదట సాగు వనరు, మిగిలితేనే సరుకు. అందుకే ప్రారంభంలో వచ్చిన సంచలనంతో పోలిస్తే ఈ కాంట్రాక్టులో వ్యాపారం చాలా పలచగా సాగింది.

పేరు తుడిచేయకుండా కాంట్రాక్టు రాయడం అసాధ్యమా అంటే, కాదని షికాగో అనుభవమే చెబుతుంది. 1999 నుంచి అక్కడ ఉష్ణోగ్రతల మీద కాంట్రాక్టులున్నాయి. అవి ఏ నగరానివో, ఏ వాతావరణ కేంద్రంలో నమోదైన డిగ్రీల మీద చెల్లింపు జరుగుతుందో నిబంధనల్లోనే ఉంటుంది. నదులకు సంబంధించి ఆ పునాది ఇప్పటికే సిద్ధంగా ఉంది. కాలిఫోర్నియా జలవనరుల శాఖ ఏటా ఫిబ్రవరి నుంచి మే వరకు బులెటిన్ 120 పేరుతో ఏప్రిల్-జులై ప్రవాహాల అంచనాలను ఒక్కో నదికి విడివిడిగా ప్రకటిస్తుంది, ఆపైన నిజంగా వచ్చిన ప్రవాహమూ నమోదవుతుంది. టువాలమీ ప్రవాహం ఇంతకన్నా తగ్గితే ఇంత చెల్లింపు అనే కాంట్రాక్టు, ఆ నది మీద ఆధారపడిన సాగునీటి సంస్థకూ జలవిద్యుత్ కేంద్రానికీ రాష్ట్రవ్యాప్త ధర సూచీ కన్నా నేరుగా పనికొస్తుంది. నీటిని సరుకుగా చూస్తున్నారన్న ఆక్షేపణకు కూడా అందులో తావు తక్కువ, ఎందుకంటే అది ప్రకృతి కొలత మీద రాసుకునే బీమా వంటిది. దీనికున్న పెద్ద అడ్డంకి, నదికొక కాంట్రాక్టు అయితే అసలే పలచని వ్యాపారం ఇంకా చీలిపోతుంది. అయినా నిరంతర వ్యాపారం జరిగే ఎక్స్ఛేంజిలోనే ఇది ఉండి తీరాలన్న నియమమేమీ లేదు. పెద్ద బీమా సంస్థలు ఒక్కో నదికి విడిగా ఒప్పందాలు రాసి, అన్ని నదుల నష్టభయాన్నీ తమ దగ్గర కలుపుకోవచ్చు.

అయితే ఆ ఒప్పందానికి వెల కట్టాలంటే ప్రవాహం అంచనా నమ్మదగినదై ఉండాలి. 2021 వసంతంలో ఆ అంచనాలే దెబ్బతిన్నాయి. ఏప్రిల్ 1న మంచు సగటులో 60 శాతం దగ్గర ఉంది. కానీ అంతకుముందు ఏడాది ఎండకు పొడిబారిన కొండ నేల కరిగిన నీటిని పీల్చుకుంది, కొంత గాలిలో ఆవిరైంది, జలాశయాలకు ఊహించిన దానికన్నా 5 లక్షల ఎకరా-అడుగులకు పైగా తక్కువ నీరు చేరింది. మంచును తూచిన గొట్టం తప్పు చెప్పలేదు. మంచుకూ ప్రవాహానికీ మధ్య దశాబ్దాలుగా నమోదైన సంబంధమే ఆ ఏడాది వర్తించలేదు. నాసా జెట్ ప్రొపల్షన్ ప్రయోగశాల 2013లో టువాలమీ పరీవాహక ప్రాంతం మీద మొదలుపెట్టిన విమాన సర్వే లేజర్‌తో కొండంతటా మంచు లోతును కొలుస్తుంది. ఆ తరహా సర్వేలు ఇప్పుడు మరిన్ని నదులకు విస్తరించాయి. వాటికి తోడు నేల తేమ కొలతలు కూడా ప్రతి నదికీ అందుబాటులోకి వస్తే, పేరు పెట్టి రాసే కాంట్రాక్టుకు సరసమైన వెల కట్టడం సాధ్యపడుతుంది.